గత పరిశ్రమ

మూడు లాంతర్ల దగ్గర, సెల్‌ఫోన్ల కొట్టు పైన మా ఆఫీసు.
ఫ్యానుకి ఒక రెక్క వంకర.
సోమవారం పూణే నుంచి మెయిల్:
నార పరిశ్రమలో పదేళ్ళు చేసినవాళ్ళు నలభై మంది కావాలి,
ఇప్పుడు ఏ పనిలో ఉన్నా పరవాలేదు.
కామేశం గారు దాన్ని నాకు తోసి
కింద ఒక్క మాట రాశారు. అర్జంట్.

నాకు వెతకడం వచ్చు.
మూడు వేలు కట్టి నేర్చుకున్న విద్య.
కొటేషన్ల మధ్య కూర్చోబెట్టిన మాట
పక్కకి కదలదు.
మాట ముందు చిన్న గీత గీస్తే చాలు,
ఆ మాటున్న వాళ్ళంతా తెర మీంచి లేచి వెళ్ళిపోతారు.
చప్పుడుండదు. గేటు ముందు ధర్నా ఉండదు.

జూట్ అని, జ్యూట్ అని, జూటు అని,
తప్పొప్పులన్నీ కలిపి పిలిచాను.
గోనె సంచుల టోకు ధరలొచ్చాయి.
పెళ్ళిలో పంచే సంచులు, మీ పేరుతో అచ్చు వేసి ఇవ్వబడును.
ధరలకి గీత పెట్టాను. సంచులకి గీత పెట్టాను.
మిల్లు వెనక వీధిలో రెండు గదుల పోర్షను
అద్దెకుందని ఒకరొచ్చారు.
అద్దెకీ గీత పెట్టాను.
తెర తెల్లగా మిగిలింది,
వరి కోసేసిన మడిలా.

బుధవారం రాత్రి ఒక పీడీఎఫ్ దొరికింది.
బకాయిల జాబితా. ఎవరో వంకరగా స్కాన్ చేసి వదిలేశారు.
కోరాడ ఎర్రయ్య, బ్యాచింగ్.
మజ్జి గౌరీశు, స్పిన్నింగ్, బి షిఫ్టు.
చింతాడ ముత్యాలు, సంచి కుట్టు.
నలభై ఒక్క పేజీలు.
ఇందులో అక్షరాలేమీ లేవంది కంప్యూటరు.
పేర్ల పక్కన వేలిముద్రలున్నాయి,
వాటిని మరకలనుకుంది.

శుక్రవారం నెల్లిమర్ల బస్సెక్కాను.
మిల్లు గేటు ఎదర టీ కొట్టావిడ
పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ,
నా వైపు చూడకుండానే,
"ఎవులు గావాలమ్మా? ఏ డిపార్టుమెంటు? ఏ షిఫ్టు?"

నేను కట్టిన మూడు వేలు గుర్తొచ్చాయి.

"గౌరీశా? అదిగో, ఆటో తోలతన్నాడు, పచ్చ టవలోడు.
ముత్యాలు చంపావతి వంతెన కాడ సేపలమ్మతాది.
ఎర్రయ్య... ఎర్రయ్య పోనాడమ్మా.
ఆడి తమ్ముడున్నాడు, ఆడిదీ అదే పని, పిలవమంటావేటి?"
గీతా లేదు, బ్రాకెట్టూ లేదు.
అర గ్లాసు టీ అయ్యేలోపు పదకొండు మంది.

గౌరీశు ఆటో ఆపి దిగాడు.
"పాత అనుబవం రాయమంటారు కాయితంలో.
పాతదేటమ్మా, ఏళ్ళకి తెలీదు పాతని."
నా బ్యాగు పట్టీ నుంచి ఊడిన పోగుని
ఎడమ చేత్తోనే పట్టి,
మిషను ఆపకుండా తెగిన దారం ఎలా కలుపుతారో చూపించాడు.
రెప్ప వేశాను. ముడి కనిపించలేదు.
"సూడు మళ్ళీ" అన్నాడు. మళ్ళీ కనిపించలేదు.
ఆ చేతుల దగ్గర ఇంకా గోగునార, నూనె కలిసిన వాసన,
లేదా నేనలా అనుకున్నాను.
ఆటోలో కూర్చున్నావిడ హారన్ కొట్టింది.

తిరుగు బస్సులో ఫోను మోగింది. పూణే నుంచి రెండో మెయిల్.
నలభై అయిదు దాటినవాళ్ళు వద్దు.
అంటే గౌరీశు ముందొక గీత,
ముత్యాలు ముందొక గీత,
పదకొండు మందిలో తొమ్మిది మంది ముందు
గోరంత పొడవు గీత.
మిల్లుకి తాళం వేసిన రోజు కూడా
ఇంతకంటే పెద్ద గీత ఎవరూ గీసి ఉండరు.

పదకొండు పేర్లూ పంపాను.
వయసు గడులు ఖాళీగా వదిలేశాను.
సోమవారం కామేశం గారు అడుగుతారు,
ఆ గడి కనపడలేదని చెబుతాను, నమ్మరు.
గత పరిశ్రమ అన్న చోట మాత్రం
అందరికీ డిపార్టుమెంటూ షిఫ్టూ తప్పులేకుండా రాశాను.

రాత్రి బ్యాగు పట్టీ మీద ముడి తడిమి చూశాను.
విప్పబోతే
గోరు విరిగింది.